సవాబ్ వేరు, తన్ఖా వేరు



దవాఖానాలో ఉన్నన్నాళ్లూ ఆమెను మనం ‘సిస్టర్’ అంటాం. సెలైన్ అయిపోవస్తే సిస్టర్, అర్ధరాత్రి అమ్మీకి ఆయాసం వస్తే సిస్టర్, డాక్టర్ చెప్పింది అర్థంకాకపోతే మళ్లీ సిస్టర్. డిశ్చార్జి రోజున దుఆలు కూడా ఇచ్చి వస్తాం. అదే రిష్తా మాటల్లో ‘లడ్కీ నర్స్ హై’ అని ఎవరైనా అంటే మాత్రం కూర్చున్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. నైట్ డ్యూటీలుంటాయి కదా, మగ మరీజ్‌లను ముట్టుకోవాలి కదా, ఖాందాన్ ఇజ్జత్ ఏం కాను అంటారు.

దుఆలిచ్చే నోటితోనే మనం ఈ మాట కూడా ఎందుకంటున్నాం? దీనికి జవాబు తారీఖ్‌లో ఉంది. ఆ తారీఖ్‌లో మన గోదావరి జిల్లాల ముక్క కూడా ఉంది. దాన్ని నాకు తెలిసినంతలో చెబుతాను. ఈ కథంతా చదివాక నాకు తేలింది ఒక్కటే. నర్సుకి ఇజ్జత్ మనం పొగిడితే రాలేదు. నర్సులే నలుగురూ ఒకచోట కూర్చుని, రిజిస్టర్ అడిగి, డ్యూటీ గంటలు లెక్కగట్టి, తన్ఖా అడిగి తెచ్చుకున్నారు. ఎక్కడ కలిసి అడగలేకపోయారో అక్కడ ఈ రోజుకీ రాలేదు.

ధవళేశ్వరం ఆనకట్టకీ నర్సులకీ సంబంధం

1833 కరువు, 1839 ఉప్పెన గోదావరి జిల్లాను పీల్చి పిప్పి చేశాయి. ఆ తర్వాత 1847 నుంచి 1852 వరకు సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాడు. ఆ నీళ్లు తాగి పెరిగినవాళ్లమే మనమంతా. కాటన్ దొర పేరు మన పిల్లలకి కూడా తెలుసు. ఆయనకి లండన్‌లో గట్టిగా వకాలత్ చేసిన మనుషుల్లో ఫ్లారెన్స్ నైటింగేల్ ఒకరని మాత్రం చాలామందికి తెలియదు.

అవును, లాంతరు పట్టుకున్న నైటింగేలే. క్రిమియా జంగ్‌లో ఇస్తాంబుల్ ఎదురుగా ఉన్న ఉస్కుదార్‌లో, ఉస్మానియా సల్తనత్ ఇచ్చిన బ్యారక్స్‌లో గాయపడ్డ సిపాయిల్ని చూసుకున్న ఆమే. 1860లో లండన్‌లో నర్సింగ్ స్కూలు పెట్టింది. జిందగీలో ఒక్కసారి కూడా హిందుస్తాన్ రాలేదు. అయినా 1870ల్లో ఇక్కడి కరువుల గురించి, కాలవల గురించి లెక్కలు తెప్పించుకుని చదివింది. కాటన్‌తో ఖతో-కితాబత్ నడిపింది. రైళ్లకి పెట్టే ఖర్చులో కొంతైనా కాలవలకి పెడితే కరువులో జనం బతుకుతారన్న కాటన్ వాదాన్ని ఆమె సర్కారు పెద్దల ముందు పెట్టింది. ఆ లెక్కన గోదావరి రైతు ఆమెకు రుణపడే ఉన్నాడు.

ఇంత చేసిన నైటింగేల్ నర్సులకి కావాల్సిన ఒక ముఖ్యమైన దానికి మాత్రం అడ్డం నిలబడింది. 1887లో లండన్‌లో ఎథెల్ ఫెన్విక్ అనే మాజీ మేట్రన్ బ్రిటిష్ నర్సుల సంఘం పెట్టింది. డాక్టర్లకి ఉన్నట్టే నర్సులకీ ప్రభుత్వ రిజిస్టర్ ఉండాలి, ఇన్నేళ్లు చదివి ఇంతిహాన్ పాసైనవాళ్లనే నర్సు అనాలి అని ఆ సంఘం అడిగింది. నైటింగేల్ ఒప్పుకోలేదు. నర్సులో ఉండాల్సింది మంచి గుణం, ఓపిక, దయ. వీటిని ఏ ఇంతిహాన్‌తో కొలుస్తారు అని ఆమె అభిప్రాయం. నర్సు పని ఆమె దృష్టిలో ఒక పిలుపు, ఒక ఖిద్మత్. ఫెన్విక్ దృష్టిలో అది ఒక పేషా. పేషా అన్నాక దానికి కానూన్ కావాలి, హద్దులు కావాలి, ఉజ్రత్ కావాలి.

నైటింగేల్ భయంలో నిజం లేకపోలేదు. సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన చేతిలో దయ ఉండదు. రిజిస్టర్ రాగానే దాని బయట మిగిలిపోయిన పేద ఆడవాళ్ల గతేమిటన్న సవాల్ కూడా ఉంది. కానీ ఖిద్మత్ అనే మాటతో ఇంకొకటి జరుగుతుంది. ఖిద్మత్ చేసేవాళ్లు తన్ఖా అడిగితే తప్పు పడతాం. పద్నాలుగు గంటలు నిలబెట్టి, ‘నీది పవిత్రమైన పని కదా’ అని నోరు మూయిస్తాం. ఫెన్విక్‌కి ఇది అర్థమైంది. ముప్పై ఏళ్లకు పైగా జగడమాడాక 1919లో బ్రిటన్‌లో నర్సుల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. ఆ రిజిస్టర్‌లో మొదటి నంబర్ ఫెన్విక్‌దే. అంతకుముందే, 1901లో, న్యూజిలాండ్ ఇలాంటి చట్టం చేసేసింది.

ఖిద్మత్ పెద్దదా, పేషా పెద్దదా అన్న ఈ బహస్ లండన్‌లో ఆగిపోలేదు. మన దాకా వచ్చింది. మన ఇళ్లలో ఇంకా నడుస్తోంది.

జనానా తలుపు తెరిచింది ఎవరు

ఆ రోజుల్లో మన జనానాల్లో జబ్బుపడ్డ ఆడమనిషికి హకీమ్ నాడి చూడాలన్నా మధ్యలో పరదానే. కాన్పు అయితే దాయి వచ్చేది. తెలుగు ఇళ్లకి మంత్రసాని. బిడ్డ అడ్డం తిరిగితే ఇద్దరి దగ్గరా చేయగలిగింది తక్కువ. మగ డాక్టరుని పిలవడం కంటే మౌత్ నయం అనుకున్న ఖాందాన్‌లు మనలోనే కాదు, పెద్ద కులాల హిందువుల్లో కూడా ఉన్నాయి. 1885లో వైస్రాయ్ భార్య లేడీ డఫరిన్ పేరుతో ఒక ఫండ్ పెట్టారు. ఆడవాళ్ల కోసం ఆడ డాక్టర్లు, నర్సులు, దాయిలను తయారుచేయడం దాని మక్సద్.

మన వైపు ఈ పని ముఖ్యంగా క్రైస్తవ మిషన్ల చేతిలో నడిచింది. 1883లో గుంటూరు వచ్చిన అమెరికన్ లూథరన్ డాక్టర్ అన్నా కుగ్లర్‌ని మిషన్ మొదట జనానాల్లో చదువు చెప్పే పనికే పంపింది. ఆమె మందుల సంచి కూడా పట్టుకెళ్లింది. 1898లో ఆస్పత్రి కట్టించింది. ఆమె వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు రాజా భుజంగరావు ఆ ఆస్పత్రి పక్కన రోగుల బంధువుల కోసం సత్రం కట్టించి ఇచ్చాడు. గోదావరికి ఈ పక్క రాజమండ్రిలో ఇంకో లూథరన్ డాక్టర్ లిడియా వోర్నర్ ఆడవాళ్లు, పిల్లల ఆస్పత్రి మొదలుపెట్టింది. నర్సాపురంలో గోదావరి డెల్టా మిషన్, పిఠాపురంలో, ఆకివీడులో కెనడా బాప్టిస్టులు ఆస్పత్రులు నడిపారు.

ఆస్పత్రి అన్నాక డాక్టరమ్మ ఒక్కతే సరిపోదు. రాత్రంతా మేలుకుని ఉండేవాళ్లు కావాలి. పుండు కడిగేవాళ్లు, పక్క మార్చేవాళ్లు, కాన్పు గదిలో చెయ్యి పట్టుకునేవాళ్లు కావాలి. ఆ పనికి ఎవరొచ్చారు? ఎక్కువమంది మాల, మాదిగ పేటల నుంచి మిషన్ బళ్లలో చదువుకున్న అమ్మాయిలు. కొందరు వితంతువులు, ఎవరూ లేని పిల్లలు. రక్తం, మలం, మైల ముట్టుకునే పని కాబట్టి పెద్ద కులాలవాళ్లు దూరంగా నిలబడ్డారు. మనమూ నిలబడ్డాం. మన దీన్‌లో అంటరానితనం లేదని చెప్పుకుంటాం. కానీ ఈ ముల్క్‌లో ఉంటూ ఆ అలవాటు మనకూ అంటింది.

ఒక్కసారి ఆలోచించండి. మన ఆడవాళ్ల పరదా నిలబడాలంటే ఆస్పత్రిలో ఆడ నర్సు ఉండాలి. ఆ నర్సు మాత్రం మన ఇంటి పిల్ల కాకూడదు. ఎవరో పేదవాళ్ల కూతుళ్లు రాత్రిళ్లు మేలుకుంటే మన ఖాలాలు, నానీలు క్షేమంగా కాన్పులయ్యారు. తర్వాత ఆ మేలుకున్న పిల్లల నడత గురించి మనమే చెవులు కొరుక్కున్నాం. నర్సు పనిమీద పడిన మచ్చలో సగం కులం మచ్చ. మిగతా సగం రాత్రి ఇంటి బయట ఉండే ఆడదాని మీద మగ దునియా వేసే మచ్చ. పనిలో మాత్రం మచ్చేమీ లేదు.

లక్నో నుంచి మద్రాసు దాకా

1905లో లక్నోలో తొమ్మిదిమంది యూరోపియన్ నర్సులు కూర్చుని నర్సింగ్ సూపరింటెండెంట్ల సంఘం పెట్టుకున్నారు. అది పెద్ద సిస్టర్ల జమాత్. వార్డులో పనిచేసే మామూలు నర్సు అందులో లేదు. 1908లో ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ ఏర్పడింది. చదువుని ఒక దారిలో పెట్టడం, నర్సుల బతుకు పరిస్థితులు మార్చడం, రిజిస్ట్రేషన్ తేవడం దాని లక్ష్యాలు. 1910లో సంఘం సొంత రిసాలా మొదలైంది. నైటింగేల్ కన్నుమూసింది కూడా ఆ సాలే. 1912లో ఈ సంఘం అంతర్జాతీయ నర్సుల మండలిలో చేరింది. 1922లో పాత సంఘం, కొత్త సంఘం ఒకటయ్యాయి. ఇవాళ టీఎన్‌ఏఐ అని మనం వింటున్నది దాన్నే.

ఈ జాబితా చదవడానికి పొడిగా ఉంటుంది. దీని వెనక ఉన్న తక్లీఫ్ ఏమిటంటే, ఆ రోజుల్లో ఒక్కో ఆస్పత్రిది ఒక్కో చదువు. ఒకచోట ఏడాది, ఇంకోచోట మూడేళ్లు. ఒక ఆస్పత్రిలో నేర్చిన పిల్ల సర్టిఫికెట్‌ని పక్క జిల్లాలో ఎవరూ ఒప్పుకోకపోతే ఆమె ఆ ఆస్పత్రికే బందీ. ఎంత ఇస్తే అంత తీసుకోవాలి. వదిలివెళ్తే ఆమె చేతిలో ఏమీ లేదు. అందుకే దక్షిణాదిలో మిషన్ ఆస్పత్రులు 1910 ప్రాంతంలో కలిసి ఒక ఉమ్మడి పరీక్షా బోర్డు పెట్టుకున్నాయి. పేపరు ఒకటే, పరీక్ష ఒకటే. ఈ ఊళ్లో పాసైన పిల్ల ఆ ఊళ్లో కూడా నర్సే.

ఆ తర్వాత పెద్ద అడుగు 1926లో పడింది. అప్పటికి గోదావరి జిల్లాలు మద్రాస్ ప్రెసిడెన్సీలో ఉన్నాయి. ఆ ఏడు మద్రాస్ నర్సులు, మంత్రసానుల చట్టం వచ్చింది. నర్సుల కోసం ఒక కౌన్సిల్, ఒక రిజిస్టర్. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక కూడా ఆ చట్టమే పేరు మార్చుకుని కొనసాగింది. ఇవాళ కాకినాడలోనో భీమవరంలోనో జీఎన్‌ఎం పాసైన అమ్మాయి విజయవాడ కౌన్సిల్‌లో తెచ్చుకునే నంబర్‌కి పునాది ఆ 1926 చట్టమే. దేశం మొత్తానికి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 1947 చట్టంతో వచ్చింది. దాని స్థానంలోకి రావాలని 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేశారు.

అదే 1926లో ఇంకో చట్టం కూడా వచ్చింది. ట్రేడ్ యూనియన్ల చట్టం. దానికి ఎనిమిదేళ్ల ముందు, 1918లో, మద్రాసులో బట్టల మిల్లు మజ్దూర్‌లు మద్రాస్ లేబర్ యూనియన్ పెట్టుకున్నారు. మిల్లులో నూలు తీసేవాడు యూనియన్‌లో చేరాడు, హర్తాళ్ చేశాడు, కూలి పెంచుకున్నాడు. నర్సు మాత్రం మొదటి చట్టంతో సరిపెట్టుకుంది. ఆమెకి పేరుంది, నంబరుంది, తెల్ల యూనిఫాం ఉంది. కానీ తాను మజ్దూర్‌నని అనుకోలేదు. ఆమెను ఎవరూ అనుకోనివ్వలేదు కూడా. పవిత్రమైన పని చేసేవాళ్లు కూలి మాట ఎత్తకూడదు కదా! రిజిస్టర్ వచ్చినా పని గంటలు, తన్ఖా మారకపోవడానికి కారణం ఇక్కడుంది.

లెక్కలు చెప్పిన నిజం

1946లో భోర్ కమిటీ దేశంలో ఆరోగ్య సౌకర్యాల మీద రిపోర్టు ఇచ్చింది. అప్పుడు దేశమంతా కలిపి ఉన్న నర్సులు దాదాపు 7,000. అంటే 43,000 మందికి ఒక నర్సు. బ్రిటన్‌లో 300 మందికి ఒకరు. డాక్టర్ల లెక్క 6,000 మందికి ఒకరు. డాక్టర్ల కంటే నర్సులు ఎన్నో రెట్లు ఎక్కువ ఉండాల్సిన దేశంలో నర్సులే అపురూపమయ్యారు. ఎందుకు రారంటే, వచ్చినవాళ్లకి ఏం మిగులుతోందో జనం చూస్తున్నారు కాబట్టి. ఇరుకు హాస్టళ్లు, లెక్కలేని గంటలు, తక్కువ తన్ఖా. పెళ్లంటే ఉద్యోగం పోయే చోట్లు. ఈ చివరిది పాత ముచ్చట అనుకోకండి. మిలటరీ నర్సింగ్ సర్వీసులో పెళ్లి చేసుకుందని ఒక నర్సును 1988లో తీసేశారు. ఆమె కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టులో గెలిచింది. 60 లక్షల పరిహారం ఇవ్వమని కోర్టు చెప్పింది. ముప్పై ఆరేళ్లు పట్టింది.

స్వరాజ్యం వచ్చాక 1954లో నర్సుల ఉద్యోగ పరిస్థితుల మీద శెట్టి కమిటీ వేశారు. 1987లో సరోజినీ వరదప్పన్ నాయకత్వంలో ఇంకో కమిటీ వేశారు. రెండూ గంటల గురించి, క్వార్టర్ల గురించి, సిబ్బంది లెక్క గురించి చెప్పాయి. రిపోర్టులు వచ్చినంత తొందరగా మార్పులు రాలేదు.

ఈ సందర్భంలో మన రాజమండ్రి బిడ్డ దుర్గాబాయి దేశ్‌ముఖ్‌ని గుర్తుచేసుకోవాలి. 1909లో రాజమండ్రిలో పుట్టింది. 1921లో గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు, ఇంకా పన్నెండేళ్లు నిండని ఆ పిల్ల పట్టుబట్టి దేవదాసీలను, బుర్ఖా వేసుకున్న మన ఆడవాళ్లను కూడగట్టి ఆయన ముందు కూర్చోబెట్టింది. సమాజం పక్కకి నెట్టినవాళ్లు, గోషాలో ఉన్నవాళ్లు ఒకే జల్సాలో కూర్చున్నారన్నమాట. పెద్దయ్యాక ఆమె ఆంధ్ర మహిళా సభ పెట్టింది. దాని కింద నర్సింగ్ హోమ్, నర్సింగ్ శిక్షణ నడిచాయి. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు తరఫున 1958లో మొదలైన కుదించిన కోర్సుల పథకం చిన్నప్పుడు చదువు ఆగిపోయిన ఆడవాళ్లను మళ్లీ చదివించి టీచర్లుగా, నర్సులుగా, మంత్రసానులుగా నిలబెట్టాలని పెట్టినదే. నైటింగేల్-ఫెన్విక్ జగడంలో మిగిలిపోయిన సవాల్‌కి, రిజిస్టర్ బయట ఉండిపోయిన పేద ఆడదాని సవాల్‌కి, ఇది ఒక మంచి జవాబు. గేటు తీసేయకుండానే లోపలికి నడిపించే దారి వేశారు.

దవాఖానా కార్ఖానా అవుతుందా

యూనియన్ మాట దగ్గర ఒక చిక్కు ఉంది. పాత పనివాళ్ల తగాదాల చట్టం ‘ఇండస్ట్రీ’లో పనిచేసేవాళ్లకే వర్తించేది. మరి ఆస్పత్రి ఇండస్ట్రీనా? 1960లో బొంబాయి ప్రభుత్వ ఆస్పత్రుల వార్డు పనివాళ్ల కేసులో సుప్రీంకోర్టు అవునంది. 1970లో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రి కేసులో కాదంది. 1978లో బెంగళూరు వాటర్ సప్లై కేసులో ఏడుగురు జడ్జీల బెంచ్ మళ్లీ అవునంది. ఖైరాత్ పేరుతో నడిచినా, లాభం రాకపోయినా, యజమాని-పనివాడు కలిసి ఒక పద్ధతిగా సేవను అందిస్తుంటే అది ఇండస్ట్రీయే అని తేల్చింది.

దీనర్థం చిన్నది కాదు. ‘ఇది సేవాసంస్థ అమ్మా, ఇక్కడ యూనియన్ ఏమిటి’ అన్న మాటకి అప్పటి కానూన్‌లో బలం పోయింది. ముందు ఏడాదే, 1977లో, ఐఎల్‌ఓ నర్సుల కోసం 149వ ఒడంబడిక తెచ్చింది. గంటలు, సెలవు, ప్రసూతి సెలవు, నిర్ణయాల్లో నర్సుల మాట అన్నీ అందులో ఉన్నాయి. మన దేశం దాన్ని ఇప్పటికీ ధ్రువీకరించలేదు.

ప్రభుత్వ ఆస్పత్రుల్లో పర్మనెంట్ నర్సులకి సంఘాలున్నాయి. మిగతా ఉద్యోగులతో పాటు పీఆర్‌సీలో వాళ్ల స్కేలూ మారుతుంది. ఈమధ్య హోదా పేరు కూడా మారింది. కేంద్రం 2016లో స్టాఫ్ నర్సుని ‘నర్సింగ్ ఆఫీసర్’ చేసింది. పేరు మారితే ఏమొస్తుంది అంటారేమో. డాక్టర్ ఎదురుగా కుర్చీలో కూర్చోవడానికి ఆ పేరు పనికొస్తుంది. అసలు కష్టం పర్మనెంట్ కానివాళ్లది, ప్రైవేట్‌వాళ్లది. కాంట్రాక్ట్, ఔట్‌సోర్సింగ్ అనే మాటలు వచ్చాక ఒకే వార్డులో, ఒకే డ్యూటీలో, ఒకే ఇంజక్షన్ చేసే ఇద్దరి తన్ఖాల మధ్య భూమ్యాకాశాల తేడా.

20,000 అనే లెక్క

2011లో టీఎన్‌ఏఐ సుప్రీంకోర్టుకి వెళ్లింది. ప్రైవేట్ ఆస్పత్రుల్లో నర్సులకి ఇస్తున్నది తన్ఖా కాదు, దోపిడీ అని. 2016 జనవరి 29న కోర్టు కమిటీ వేయమని కేంద్రానికి చెప్పింది. ఆ కమిటీ చెప్పిన లెక్క మన ఇళ్లలో నర్సింగ్ చదివే పిల్ల ఉన్న ప్రతి తల్లీతండ్రికీ నోటికి రావాలి. 200 పడకలు దాటిన ఆస్పత్రిలో ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి. 100 దాటితే తేడా 10 శాతం మించకూడదు. 50 నుంచి 100 పడకలైతే 25 శాతం మించకూడదు. 50 కన్నా తక్కువ పడకలున్న చిన్న నర్సింగ్ హోమ్‌లో కూడా నెలకి 20,000 తగ్గకూడదు. సెలవులు, గంటలు, రవాణా, ఉండే చోటు ప్రభుత్వ ఆస్పత్రుల్లో లాగే ఉండాలి.

ఇవి సిఫారసులు. అమలు చేయాల్సింది రాష్ట్రాలు. రాష్ట్రాలు ఎప్పుడు అమలు చేస్తాయి? కేరళ చూడండి. అక్కడ 2011లో ప్రైవేట్ నర్సులు యునైటెడ్ నర్సెస్ అసోసియేషన్ పెట్టుకున్నారు. ఆస్పత్రి తర్వాత ఆస్పత్రిలో హర్తాళ్ చేశారు. 2017 జులైలో రాష్ట్రమంతా సమ్మెకి సిద్ధమైతే ముఖ్యమంత్రి కూర్చుని 20,000కి ఒప్పుకున్నాడు. 2018లో నోటిఫికేషన్ వచ్చింది. సుప్రీంకోర్టు కాగితం అన్ని రాష్ట్రాలకీ ఒకటే వెళ్లింది. జమాత్ కట్టినచోట అది తన్ఖా అయింది.

మన తెలుగు గడ్డమీద కూడా మిసాల్ ఉంది. మన జిల్లాల పిల్లలు ఎక్కువగా ఉద్యోగానికి వెళ్లేది హైదరాబాద్‌కే కాబట్టి అక్కడి సంగతి చెబుతాను. 2020 జులైలో కోవిడ్ మంచి జోరుమీద ఉన్నప్పుడు గాంధీ ఆస్పత్రి ఔట్‌సోర్సింగ్ నర్సులు డ్యూటీ ఆపి కూర్చున్నారు. అప్పటికి వాళ్ల తన్ఖా 17,500. పళ్లాలు మోగించి పొగిడిన దేశం వాళ్లకి ఇస్తున్నది అది. రోజుల్లోనే 25,000 చేశారు. మరుసటి జులైలో, కోవిడ్ కాస్త తగ్గగానే, ఔట్‌సోర్సింగ్‌లో తీసుకున్న 1,600 మందికి పైగా నర్సులను ఇళ్లకి పొమ్మన్నారు. వాళ్లూ రోడ్డెక్కారు. కలిసి నిలబడితే గెలుస్తారనీ, పర్మనెంట్ కాగితం లేని గెలుపు ఎంత పల్చనో కూడా ఈ రెండు జులైలు చెబుతాయి.

ఆంధ్రలో ఆశా వర్కర్ల సంగతి మీకు తెలుసు. ఎర్రచీరలు కాదు, యూనిఫాం చీరలు కట్టుకుని కలెక్టరేట్ల ముందు ఎండలో ఏళ్ల తరబడి కూర్చున్నారు. 2019లో 3,000 ఉన్న గౌరవ వేతనం 10,000 అయింది. మన మొహల్లాల్లో పోలియో చుక్కలకి తలుపు కొట్టే ఆ ఆడవాళ్లలో మన ఆపాలు కూడా ఉన్నారు.

గల్ఫ్ సంగతి కూడా ఒక్క మాట. కోనసీమ నుంచి, పశ్చిమ నుంచి కువైట్, దుబాయ్, సౌదీ వెళ్లడం మనకి కొత్త కాదు. నర్సుల పేరుతో ఏజెంట్లు లక్షలు గుంజుతున్నారని 2015లో కేంద్రం నియమం మార్చింది. గల్ఫ్‌తో సహా 18 దేశాలకి నర్సుల నియామకం ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలని చెప్పింది. మొదట కేరళ సంస్థలకే అనుమతి ఉండేది. తర్వాత మన రాష్ట్ర సంస్థ ఓమ్‌క్యాప్ కూడా జాబితాలోకి వచ్చింది. కాబట్టి ఏజెంట్ భాయ్ ఎంత మంచివాడైనా, ముందు ఓమ్‌క్యాప్‌లో అడగండి.

ఖేమా, ఖైబర్, హిస్సా

ఉర్దూ మీడియంలో చదివిన నాకు నర్సు పనికి మొదట తెలిసిన మాట ‘తీమార్‌దారీ’. ఫార్సీలో తీమార్ అంటే చింత, సంరక్షణ. ఒకరి దిగులుని మన దిగులుగా మోయడం. ఎంత మంచి మాట! కానీ ఈ మాట ఎప్పుడూ ఇంటి ఆడవాళ్ల గురించే వాడతాం, ఉజ్రత్ లేని పనికి వాడతాం.

మన సీరత్ కితాబుల్లో దీనికి ఇంకో జవాబు ఉంది. బయాన్‌లలో రుఫైదా అస్లమియా పేరు మీరు వినే ఉంటారు. ఖందఖ్ జంగ్‌లో హజ్రత్ సాద్ బిన్ ముఆజ్ (రజి) గాయపడితే మస్జిదె నబవీలోనే వేసిన ఆమె ఖేమాలో ఉంచి చూసుకున్నారు. మస్జిద్ ఆవరణలో, ఒక ఆడమనిషి, గాయపడ్డ మగవాడికి తీమార్‌దారీ. పైన చెప్పిన ‘మగ మరీజ్‌లను ముట్టుకోవాలి కదా’ అన్న సవాల్‌కి ఇంతకంటే పెద్ద జవాబు నేను వెతకను.

బయాన్‌లు సాధారణంగా ఇక్కడే ఆగిపోతాయి. రివాయత్ ఇంకాస్త ముందుకెళ్తుంది. ఇబ్న్ సాద్ తబఖాత్‌లో ఇదే ఖేమా ముచ్చట కుఐబా బిన్త్ సాద్ అస్లమియా పేరుతో వస్తుంది. ఇద్దరూ ఒకరే అన్న ఉలమా కూడా ఉన్నారు. ఆమె ఖైబర్‌కి కూడా వెళ్లింది. అక్కడ హుజూర్ (స) ఆమెకి ఒక మగ సిపాయికి ఇచ్చినంత హిస్సా ఇచ్చారని రివాయత్. దుఆ ఇచ్చి పంపలేదు. సవాబ్ అల్లాహ్ దగ్గర ఉంది, నీకు హిస్సా ఎందుకని అనలేదు. సవాబ్ సవాబే, హిస్సా హిస్సాయే. మజ్దూర్ చెమట ఆరకముందే ఉజ్రత్ ఇమ్మన్న దీన్ మనది. ‘హక్కు’ అనే తెలుగు మాట కూడా మన ‘హఖ్’ నుంచే వెళ్లింది.

మనం చేయగలిగింది

ఇప్పుడు మన పిల్లలు నర్సింగ్‌కి వెళ్తున్నారు. రాజమండ్రిలో, కాకినాడలో, ఏలూరులో నర్సింగ్ కాలేజీల బస్సుల్లో స్కార్ఫ్ కట్టుకున్న అమ్మాయిలు కనిపిస్తున్నారు. కొందరు తండ్రులు దగ్గరుండి దింపుతున్నారు. అల్హందులిల్లాహ్. కానీ పంపడంతో మన పని అయిపోలేదు.

చేర్చేముందు ఆ కాలేజీకి కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూడండి. పాసయ్యాక రిజిస్ట్రేషన్ నంబర్ తెప్పించండి. ఉద్యోగంలో చేరే రోజు అపాయింట్‌మెంట్ లెటర్ అడగండి. ఎన్ని పడకల ఆస్పత్రో కనుక్కుంటే ఎంత తన్ఖా రావాలో మీకే తెలుస్తుంది. పీఎఫ్, ఈఎస్‌ఐ ఉన్నాయా అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుని బాండ్ రాయించుకుంటామంటే ఒప్పుకోకండి. అది చెల్లదని నర్సింగ్ కౌన్సిల్ ఏనాడో చెప్పింది. రాత్రి డ్యూటీ గురించి మీ భయం నాకు తెలుసు. ఆ భయానికి మందు డ్యూటీ మానిపించడం కాదు, ఆస్పత్రి బండి ఇవ్వాలని అడగడం. వార్డులో ఒక్క పిల్లకి ఎన్ని మంచాలు అప్పగిస్తున్నారో కూడా అడగండి. మామూలు ఆస్పత్రిలో ఐదుగురు రోగులకి ఒక నర్సు, బోధనాసుపత్రిలో ముగ్గురికి ఒకరు ఉండాలన్నది కౌన్సిల్ లెక్క. ముప్పై మంచాలకి ఒక్కతే ఉంటే ఆ రాత్రి ప్రమాదం మన పిల్లకే కాదు, ఆ మంచాల మీద ఉన్న మన అమ్మీలకి కూడా.

అన్నిటికన్నా ముఖ్యంగా, సంఘంలో చేరతానంటే ఆపకండి. ‘నీకెందుకమ్మా, నీ పని నువ్వు చూసుకో’ అనే మాట ప్రేమతోనే అంటాం. కానీ నూరేళ్లుగా నర్సు తన్ఖా తక్కువ ఉండటానికి ఆ మాట కూడా ఒక కారణం. ఒక్కతే అడిగితే తీసేస్తారు. నలభైమంది అడిగితే కూర్చోబెట్టి మాట్లాడతారు.

మే 12న, నైటింగేల్ పుట్టినరోజున, ప్రతి ఊళ్లో నర్సులకి శాలువా కప్పుతారు, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఈసారి మన అంజుమన్‌లు, మస్జిద్ కమిటీలు కూడా ఒక జల్సా పెడితే బాగుంటుంది. శాలువా కప్పండి. కప్పాక అదే మైకులో ఆ ఊరి ఆస్పత్రి మాలిక్‌లను పిలిచి, మీ దగ్గర నర్సుకి నెలకి ఎంతిస్తున్నారు సాహెబ్ అని అదబ్‌గా అడగండి.